సిక్కిం వాళ్లంటే ఎవరు? చిన్న రాష్ట్రం, ఎన్నో జాతులు, అంతకన్నా ఎక్కువ జాబితాలు

2023 జనవరి 13న సుప్రీంకోర్టు ఒక ఆదాయపు పన్ను కేసులో తీర్పు చెప్పింది. భారత్‌లో కలవకముందే సిక్కింలో స్థిరపడిన బయటి కుటుంబాలకు కూడా సిక్కిం వాళ్లకున్న పన్ను మినహాయింపు ఇవ్వాలన్నది ఆ తీర్పు. మిగతా దేశానికి అది లోపలి పేజీ వార్త. సిక్కింలో మాత్రం జనం రోడ్ల మీదికి వచ్చారు, బంద్ జరిగింది, ఒక మంత్రి పదవి వదులుకున్నారు. వాళ్లకు మండింది పన్ను దగ్గర కాదు. తీర్పులో ఒకచోట సిక్కిం నేపాలీలను విదేశీ మూలాలున్నవాళ్లుగా రాశారు. నాలుగైదు తరాలుగా ఆ కొండవాలుల్లో మొక్కజొన్న, యాలకులు పండించుకుంటున్నవాళ్లకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఫిబ్రవరి 8న కోర్టే ఆ మాటలను తీర్పులోంచి తీసేసింది.

ఒక్క వాక్యానికి రాష్ట్రం రాష్ట్రమంతా ఎందుకు కదిలిందో తెలియాలంటే అక్కడి జాతుల కథ మొదటి నుంచీ చూడాలి. వేసవిలో గ్యాంగ్‌టక్ వెళ్లే మన టూరిస్టులకు గైడ్లు చెప్పేది ఒక్క ముక్క: "ఇక్కడ లెప్చాలు, భూటియాలు, నేపాలీలు ఉంటారు." వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ ఈ మూడు పేర్లూ ఒకే రకం పేర్లు కావు. లెప్చా అనేది ఒక జాతి. భూటియా అనేది చట్టం దృష్టిలో ఎనిమిది ఇతర సముదాయాలను కలుపుకొన్న జాబితా. నేపాలీ అనేది భాష వల్ల, వలస వల్ల వచ్చిన ఉమ్మడి పేరు. దాని కింద పదికి పైగా జాతులు, కులాలు ఉన్నాయి. సిక్కింలో ఇవాళ్టి గొడవల్లో చాలావరకు ఈ తేడాలోంచే పుట్టుకొచ్చాయి.

మొత్తం రాష్ట్రం 7,096 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 6 లక్షల 10 వేల మంది. మన దగ్గర ఒక మోస్తరు నగరంలో ఉండే జనం. అందుకే అక్కడ ఒక సముదాయాన్ని ఏ గడిలో రాశారన్నది నేరుగా ఉద్యోగం, భూమి, అసెంబ్లీ సీటు మీద ప్రభావం చూపుతుంది.

కాంచన్‌జంగా మంచులోంచి పుట్టినవాళ్లు

లెప్చాలు తమను తాము రోంగ్ అంటారు. ఎక్కడి నుంచో వచ్చామన్న కథ వాళ్లకు లేదు. కాంచన్‌జంగా శిఖరం మీది స్వచ్ఛమైన మంచుతో సృష్టికర్త ఫోడోంగ్‌థింగ్, నుజోంగ్‌న్యూ అనే మొదటి జంటను చేశాడని, తామంతా వాళ్ల సంతానమని వాళ్ల నమ్మకం. ప్రతి వంశానికీ ఒక శిఖరం, ఒక సరస్సు ఉంటాయి. పూజలు చేయించడానికి బోంగ్‌థింగ్, మున్ అనే పూజారులు ఉంటారు. మున్‌లలో ఆడవాళ్లు ఎక్కువ. చనిపోయినవాళ్ల ఆత్మను దారిలో పెట్టడం ముఖ్యంగా వాళ్ల పని. తర్వాతి కాలంలో లెప్చాల్లో ఎక్కువమంది బౌద్ధులయ్యారు, కొందరు క్రైస్తవులయ్యారు. అయినా ఊళ్లలో లామా, బోంగ్‌థింగ్ ఇద్దరినీ పిలిచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

వాళ్ల పండుగల్లో టెండోంగ్ లో రుమ్ ఫాత్ వెనుక ఒక జలప్రళయం కథ ఉంది. తీస్తా, రంగీత్ అనే రెండు నదులు ప్రేమికులు. కొండల నుంచి వేర్వేరు దారుల్లో దిగి కింద కలుసుకుందామని అనుకుంటారు. తీస్తాకు దారి చూపించింది పాము, రంగీత్‌కు పక్షి. పక్షి మేత కోసం అక్కడా ఇక్కడా ఆగడంతో రంగీత్ ఆలస్యంగా వస్తాడు. అప్పటికే తీస్తా వచ్చి ఉండటం చూసి అలిగి వెనక్కి మళ్లుతాడు. నీళ్లు ఎగదన్ని ఊళ్లన్నీ మునిగిపోతాయి. జనం టెండోంగ్ కొండ ఎక్కి ప్రాణాలు దక్కించుకుంటారు. ఇప్పటికీ ఏటా ఆగస్టులో ఆ కొండకు మొక్కుతారు. ఈ కథలో పామూ పక్షీ ఎందుకంటే, తీస్తా పాములా వంపులు తిరిగే నది అయితే రంగీత్ గెంతుతూ వచ్చే నది. ఆ నేలను తరతరాలుగా చూసినవాళ్లు అల్లిన కథ ఇది.

లెప్చాల కోసం ప్రత్యేకంగా కేటాయించిన ప్రాంతం జోంగు. కాంచన్‌జంగా నీడలో ఉంటుంది. బయటివాళ్లు పర్మిట్ లేకుండా అడుగు పెట్టలేరు, అక్కడ భూమి కొనలేరు. 2007లో తీస్తా మీద జలవిద్యుత్ ప్రాజెక్టులకు వ్యతిరేకంగా లెప్చా యువకులు గ్యాంగ్‌టక్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. తర్వాత జోంగులో కొన్ని ప్రాజెక్టులు రద్దయ్యాయి. 2023 అక్టోబరు 4న పైన దక్షిణ లోనక్ సరస్సు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయినప్పుడు ఆ దీక్షలు మళ్లీ గుర్తొచ్చాయి. నదికి కోపం వస్తుందన్న పాత కథను నమ్మేవాళ్లను వెనకబడినవాళ్లని తీసిపారేయడం ఎంత తప్పో ఆ రాత్రి తెలిసింది.

రక్తసంబంధం, రాజ్యం

టిబెట్‌లోని ఖామ్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు భూటియాలు. వాళ్ల మూలపురుషుడు ఖ్యే బుంసాకు, లెప్చా పెద్ద థెకోంగ్ టెక్‌కు మధ్య కాబీ లుంగ్‌చోక్ అనే చోట రక్తసోదరుల ఒప్పందం జరిగిందని రెండు జాతులూ చెప్పుకుంటాయి. గ్యాంగ్‌టక్ నుంచి ఉత్తరానికి వెళ్లే దారిలో అడవి మధ్య ఇప్పటికీ ఆ నిలువు రాళ్లు ఉన్నాయి. ఏటా పాంగ్ ల్హాబ్‌సోల్ పండుగ ఆ ఒప్పందాన్నీ, కాంచన్‌జంగా దేవుణ్నీ కలిపి తలుచుకుంటుంది. ఎర్రటి ముఖం, తల మీద ఐదు కపాలాల కిరీటంతో కాంచన్‌జంగా దేవుడి వేషం వస్తుంది. చుట్టూ కత్తులు పట్టుకుని యోధుల నాట్యం సాగుతుంది. టిబెట్‌లో ఇలాంటి పండుగ లేదు. ఇది సిక్కిం గడ్డ మీద పుట్టినది.

1642లో యుక్సోమ్ దగ్గర ముగ్గురు లామాలు కలిసి ఫుంత్సోగ్ నమ్‌గ్యాల్‌ను మొదటి చోగ్యాల్‌గా, అంటే ధర్మరాజుగా, కూర్చోబెట్టారు. ఆ వంశం 1975 వరకు ఏలింది. రాజ్యం నిలదొక్కుకునేటప్పుడు మూడు జాతుల మధ్య ఒప్పందం జరిగింది: భూటియాలు, లెప్చాలు, లింబూలు. ఈ మూడో పేరును గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అన్యాయం జరిగింది ముఖ్యంగా వాళ్లకే.

భూటియాల జీవితం అంటే మఠాలు, ముసుగు నాట్యాలే అనుకుంటే సగమే చూసినట్టు. ఉత్తరాన లాచెన్, లాచుంగ్ లోయల్లో జుమ్సా అనే ఊరి సభ ఉంది. ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలి, రాకపోతే జరిమానా. పిపోన్ అనే పెద్దను ఊరే ఎన్నుకుంటుంది. పంట ఏ రోజు కోయాలి, జడల బర్రెలను పై మేతభూములకు ఎప్పుడు తోలాలి, ఎప్పుడు దించాలి, తగాదా వస్తే ఎవరు ఎంత కట్టాలి అన్నవన్నీ అక్కడే తేలుతాయి. ఒకడు ముందే వెళ్లి మంచి గడ్డి మేపేసుకునే వీల్లేదు. రాష్ట్రంలో మిగతా చోట్ల పంచాయతీలుంటే ఈ రెండు చోట్ల జుమ్సాకే చట్టం ఆ హోదా ఇచ్చింది. పాత సంప్రదాయం బతికుందంటే కారణం ఇదే: దానికి చేయాల్సిన పని ఉంది, చేసే అధికారమూ ఉంది.

నేపాలీ అనే గొడుగు

సిక్కింలో ఇవాళ మెజారిటీ నేపాలీ మాట్లాడేవాళ్లే. 1889లో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్‌గా వచ్చిన జాన్ క్లాడ్ వైట్, కొండలు చదును చేసి సాగు పెంచడానికి, పన్ను వసూళ్లకు నేపాల్ నుంచి వలసను గట్టిగా ప్రోత్సహించాడు. 1891లో జనాన్ని లెక్కపెడితే రాజ్యం మొత్తం 30 వేల పైచిలుకే. తర్వాతి దశాబ్దాల్లో మెట్ల పొలాలు, పెద్ద యాలకుల తోటలు, సంతలు, ఊళ్లు వచ్చాయి. రాష్ట్రానికి తిండి పెట్టిన శ్రమ చాలావరకు వాళ్లది.

అయితే నేపాలీ అనగానే ఒకే జనం అనుకోకూడదు. బాహున్, ఛెత్రీలు దసరాకు పెరుగు, బియ్యం, ఎర్ర రంగు కలిపి పెద్దల చేత నుదుట దట్టంగా బొట్టు పెట్టించుకుంటారు, చీకట్లో మొలిపించిన బార్లీ మొలకలు చెవి మీద పెట్టుకుంటారు. రాయ్‌లు భూమినీ పూర్వీకులనూ కొలుస్తూ సాకేలా నాట్యం చేస్తారు. పక్షులు పైకి వలసపోయే కాలంలో ఒకసారి, కిందికి దిగే కాలంలో ఒకసారి. తమాంగ్‌లు బౌద్ధులు. డంఫూ అనే గుండ్రటి వాయిద్యం లేనిదే వాళ్ల పాట లేదు. గురుంగ్‌లు, మంగర్‌లు, నేవార్‌లు, సునువార్‌లు ఎవరి భాష వాళ్లది, ఎవరి దేవుళ్లు వాళ్లవి. కమ్మరి పని చేసే కామీలు, కుట్టుపనీ పెళ్లి మేళమూ చేసే దమాయిలు, తోలుపని చేసే సార్కీలు అక్కడ షెడ్యూల్డ్ కులాలు. వీళ్లందరికీ ఇల్లు దాటితే నేపాలీయే వాడుక భాష. భూటియా, లెప్చా పిల్లలకు కూడా బజారు భాష అదే.

కొత్త సంవత్సరం ఎప్పుడని సిక్కింలో అడిగితే ఒక్క జవాబు రాదు. డిసెంబరులో కోతలయ్యాక భూటియాల లోసూంగ్, లెప్చాల నమ్‌సూంగ్. డిసెంబరు చివర్లో గురుంగ్‌ల తము లోసార్. మాఘంలో తమాంగ్‌ల సోనమ్ లోసార్. ఆ తర్వాత టిబెటన్ల, షెర్పాల లోసార్. ఏప్రిల్‌లో నేపాలీ పంచాంగం వైశాఖం. మధ్యలో జనవరి 14న మాఘే సంక్రాంతి. అదే రోజు మన సంక్రాంతి కాబట్టి అక్కడా ఆ హడావుడి తెలుస్తుంది. రంగీత్ నది ఒడ్డున జోరేథాంగ్‌లో పెద్ద సంత జరుగుతుంది, ఇళ్లలో కందగడ్డలు ఉడకబెట్టుకు తింటారు. ఈ ఒక్క పండుగకు మాత్రం అన్ని జాతులవాళ్లూ సంతలో కనిపిస్తారు.

వంటింట్లోకి వెళ్తే గీతలు ఇంకా చెరిగిపోతాయి. కినెమా అని సోయా గింజల వంటకం ఉంది. గింజలు మెత్తగా ఉడకబెట్టి, రోట్లో రెండు దెబ్బలు వేసి పగలగొట్టి, కాస్త కట్టెల బూడిద కలిపి, ఫెర్న్ ఆకుల్లో చుట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెడతారు. రెండు మూడు రోజులకు ఘాటు వాసనతో తీగలు సాగుతుంది. అప్పుడు ఉల్లిపాయ, టమాటాతో కూర వండి అన్నంలో కలుపుకుంటారు. లింబూల వంటగా మొదలైందని చెప్పే ఈ కూర ఇప్పుడు చాలా సముదాయాల ఇళ్లలో ఉంది. మన రాగులు, ఉత్తరాంధ్ర చోళ్లు, అక్కడ కోదో. ఉడికించి ఆరబెట్టి, మర్చా అనే పులియబెట్టే బిళ్ల పొడి చల్లి, కొన్నాళ్లు ముగ్గనిస్తారు. ఆ రాగులను చెక్క పాత్రలో నింపి పైన వేడినీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీలుస్తారు. నీళ్లు అయిపోతే మళ్లీ పోస్తారు. లింబూలకు అది తోంగ్బా. లెప్చాలు తమ రాగి పానీయాన్ని ఛీ అంటారు, పూజలో దేవుడికి ముందు పెట్టేది అదే.

జాబితాలు ఏం చేశాయి

ఇక్కడి నుంచి చిక్కుముడి. భూటియా-లెప్చాలు ఒక పక్క, నేపాలీలు ఒక పక్క అని లెక్కగట్టడం రాజుల కాలంలోనే మొదలైంది. 1950ల మొదట్లో రాష్ట్ర కౌన్సిల్ పెట్టినప్పుడు రెండు పక్షాలకూ సమానంగా సీట్లు ఇచ్చారు. నేపాలీలు అప్పటికే ఎక్కువమంది కాబట్టి ఒక మనిషికి ఒక ఓటు కావాలన్నది వాళ్ల పోరాటం అయింది. అయితే ఆ పోరాటాన్ని జాతి గొడవగా మాత్రమే చూడలేం. రాజుకు వ్యతిరేకంగా దాన్ని నడిపించి, తర్వాత మొదటి ముఖ్యమంత్రి అయిన కాజీ లెండుప్ దోర్జీ స్వయంగా లెప్చా.

1975 మే 16న సిక్కిం 22వ రాష్ట్రం అయింది. 36వ రాజ్యాంగ సవరణతో సిక్కింకు ప్రత్యేకమైన 371ఎఫ్ అధికరణ వచ్చింది. 371డి గురించి వింటూ పెరిగిన మనకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముల్కీ గొడవల తర్వాత స్థానికుడు ఎవరన్న ప్రశ్నకు 1973లో 32వ సవరణతో మనకు ఆ అధికరణ వచ్చింది. సిక్కింకు వచ్చినది దానికన్నా చాలా లోతైనది. పాత రాజ్యం చట్టాలన్నీ రద్దు చేసేదాకా కొనసాగుతాయని అందులో ఉంది. దానివల్లే భూటియా, లెప్చాల భూమి ఇతరులు కొనకూడదన్న 1917 నాటి రెవెన్యూ ఆర్డర్ నంబర్ 1 ఇప్పటికీ బతికి ఉంది. మన ఏజెన్సీలో 1/70 చట్టం చేసే పని అక్కడ అది చేస్తోంది. రాజు కాలంలో 1961 సిక్కిం ప్రజల రెగ్యులేషన్ కింద రాసిన రిజిస్టర్లో తాతల పేరు ఉందా లేదా అన్నదే ఇవాళ్టికీ అసలు సిక్కింవాసి ఎవరో తేల్చే మొదటి ఆధారం. మొదట చెప్పిన పన్ను కేసు ఆ రిజిస్టర్లో లేనివాళ్లు వేసినదే.

1978లో షెడ్యూల్డ్ తెగల జాబితా రాసేటప్పుడు రెండే పేర్లు పెట్టారు: భూటియా, లెప్చా. భూటియా పక్కన బ్రాకెట్లో చుంబిపా, దోప్థాపా, దుక్పా, కాగతే, షెర్పా, టిబెటన్, త్రోమోపా, యోల్మో అని ఎనిమిది పేర్లు చేర్చారు. అసెంబ్లీ సీట్లకూ అదే నిర్వచనం వాడారు. మొత్తం 32 సీట్లలో 12 భూటియా-లెప్చాలకు, 2 షెడ్యూల్డ్ కులాలకు, ఒకటి బౌద్ధ సంఘానికి. ఈ సంఘం సీటుకు నియోజకవర్గం అంటూ భూభాగం లేదు. గుర్తింపు ఉన్న మఠాల సన్యాసులు మాత్రమే ఓటేస్తారు. దేశంలో ఇంకెక్కడా ఇలాంటి సీటు లేదు. మిగిలిన 17 జనరల్. అంతకుముందు నేపాలీలకు ఉన్న సీట్లు పోయాయి. ఈ ఏర్పాటును సవాలు చేస్తే 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇప్పుడు జాబితాను నేల మీది మనుషులతో పోల్చి చూడండి. షెర్పాల మూలాలు నేపాల్‌లోని సోలుఖుంబులో ఉన్నాయి, భాష వేరు. అయినా వాళ్లు భూటియా గడిలో ఉన్నారు. రాజ్యం పుట్టినప్పుడు ఒప్పందంలో మూడో భాగస్వాములైన లింబూలు మాత్రం నేపాలీ గడిలో పడ్డారు. సొంత లిపి ఉన్న భాష వాళ్లది. ముంధుమ్ అనే నోటిమాటగా వచ్చే వేదం, యుమా అనే అమ్మతల్లి, ఫెదాంగ్మా అనే పూజారి ఉన్నారు. లింబూలు పశ్చిమ సిక్కింలో ఉండగా తూర్పు నేపాల్‌లో కూడా ఉన్నారు, అంతే. సరిహద్దు వాళ్ల మధ్యనుంచి వెళ్లింది. తమాంగ్‌లదీ ఇలాంటి కథే: మతం చూస్తే బౌద్ధం, భాష చూస్తే టిబెటన్‌కు దగ్గర, జాబితాలో మాత్రం నేపాలీ. ఈ రెండు సముదాయాలకు తెగల హోదా దక్కేసరికి 2003 వచ్చింది. హోదా వచ్చింది గానీ అసెంబ్లీలో సీటు రాలేదు. 12 సీట్లు పేరు పెట్టి మరీ భూటియా-లెప్చాలకు ఇచ్చినవి కాబట్టి కొత్తగా వచ్చిన తెగలకు అందులో చోటు లేదు. 2019 నుంచి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రేమ్ సింగ్ తమాంగ్ ఆ సముదాయం మనిషే అయినా, 2024 ఎన్నికలు కూడా పాత లెక్క ప్రకారమే జరిగాయి. లింబూ, తమాంగ్‌లకు వాటా ఇవ్వడానికి చర్యలు తీసుకోవాలని అంతకుముందు ఏడాది, 2023 నవంబరులోనే, సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

భూటియా-లెప్చాల రక్షణ ఉండాల్సిందేనని నా అభిప్రాయం. కొద్దిమంది ఉన్న జాతి భూమి ఒకసారి చేజారితే తిరిగి రాదని మన మన్యంలో చూశాం. కానీ ఆ రెండు పేర్ల మధ్య అడ్డగీత పెట్టి ఒకటిగా రాయడం లెప్చాలకే నష్టం చేసింది. రాచరికం, మఠాలు, వ్యాపారం ఉన్న భూటియాలతో ఒకే కోటాలో పోటీ పడటం జోంగు రైతు బిడ్డకు తేలిక కాదు. తమకు విడిగా సీట్లు కావాలని లెప్చాలు అడగడంలో న్యాయం ఉంది. సంస్కృతిని కాపాడుతున్నామంటూ గీసిన గీతలు లోపలి బలహీనుణ్ని కనిపించకుండా చేస్తే ఆ గీతలను మళ్లీ గీయాలి.

ఇప్పుడు మరో డిమాండ్ కూడా ఉంది. రాయ్, గురుంగ్, మంగర్, సునువార్ వంటి మిగిలిన సముదాయాలు తమనూ తెగల జాబితాలో చేర్చాలని కోరుతున్నాయి. సాకేలా నాట్యం చేసే రాయ్‌కు లేని హోదా పక్కింటి లింబూకు ఎందుకు ఉందంటే సంప్రదాయం వైపు నుంచి సరైన జవాబు చెప్పడం కష్టం. కానీ బాహున్, ఛెత్రీలతో సహా అందరినీ చేర్చి మొత్తం రాష్ట్రాన్నే గిరిజన రాష్ట్రం చేయాలన్న మాట వింటే మాత్రం లెప్చాలకు టెన్షన్ సహజం. అందరికీ ఉన్న రక్షణ ఎవరికీ ప్రత్యేకంగా పనికిరాదు.

సీట్ల విషయంలో దారులు రెండే. 17 జనరల్ సీట్లలోంచి కొన్ని తీసి లింబూ, తమాంగ్‌లకు ఇవ్వడం ఒకటి. అసెంబ్లీని 40 సీట్లకు పెంచి కొత్త వాటిలో ఇవ్వడం రెండోది. మొదటిది మిగతా నేపాలీ సముదాయాలకు ఇష్టం లేదు. రెండోది చేస్తే 40లో 12 అంటే తమ వాటా తగ్గినట్టేనని భూటియా-లెప్చాల భయం, అందుకని తమ సీట్లూ అదే దామాషాలో పెంచాలంటున్నారు. ఆ కోరిక సబబైనదే, అది తీర్చడానికి లెక్క కూడా కుదురుతుంది. కుదరనిది వాయిదా. 2003 నుంచి ఇప్పటిదాకా లింబూ, తమాంగ్‌లు అసెంబ్లీ ఎన్నికలన్నిటిలోనూ కోటా లేకుండానే ఓటు వేసి వచ్చారు.